ఎల్ బోర్డు పెట్టుకుని డెల్టాలో మూడు రోజులు

తెనాలి, బాపట్ల, రేపల్లె చూసి రావాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఏ కాలంలోనైనా వెళ్లండి, ఏ దారినైనా వెళ్లండి, మా ఆయన్ని మాత్రం వెంట తీసుకెళ్లకండి. ఆయన మంచివాడే. పక్క సీట్లో కూర్చున్నప్పుడే ఆ మంచితనం కాస్త ఎక్కువవుతుంది.

నాకు నలభై ఎనిమిదేళ్లు. మాది అనంతపురం. ఒక విత్తనాల కంపెనీలో ఇరవై ఏళ్లుగా వేరుశనగ విత్తనాల మధ్యే ఉన్నాను. మొన్న మా పైఆఫీసరు పిలిచి, డెల్టాలో మినుము, మొక్కజొన్న విత్తనాల పని చూడమన్నారు. పెద్ద పోస్టే. తెనాలి నుంచి రేపల్లె దాకా ఊళ్లన్నీ తిరగాలి. కంపెనీ కారిస్తుంది గాని డ్రైవర్ని ఇవ్వదు. "ఆ ఊళ్లన్నీ కాలవ కట్టల మీద ఉంటాయమ్మా, నువ్వే నడుపుకోవాలి. సోమవారం పొద్దునకల్లా చెప్పు" అన్నారు. నేను కాదంటే అది నాకంటే ఎనిమిదేళ్ల తర్వాత చేరిన మనిషికి వెళ్తుంది. నడపగలనో లేదో చూసుకుందామని మూడు రోజులు మా కారు వేసుకుని బయల్దేరాం.

లైసెన్సు వచ్చి రెండేళ్లయింది. వచ్చిన రోజే మా ఆయన రెండు ఎర్రటి ఎల్ స్టిక్కర్లు తెచ్చి ముందు బంపరు మీద ఒకటి, వెనక డిక్కీ మీద ఒకటి అంటించారు. "నేర్చుకోవడం అయిపోయింది కదండీ" అంటే, "ఒక నెల ఉండనీలే, చూసినోళ్లు దూరంగా పోతారు" అన్నారు. ఆ నెల రెండేళ్లు సాగింది. ఆ స్టిక్కర్లు కారులో కూర్చున్నవాళ్లకు కనబడవు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి ఆయన కాలు. నేను బండి ఎక్కితే చాలు, ఆయన కుడికాలు కింద పరిచిన రబ్బరు పట్టాని నొక్కుతూనే ఉంటుంది. అక్కడ బ్రేకు లేదు. అయినా నేను ఒకసారి తొక్కితే ఆయన నాలుగుసార్లు తొక్కుతారు. ఆ పట్టాకి మడమ దగ్గర చిల్లు కూడా పడింది.

తెనాలి

ఊరి పొలిమేర దాకా ఆయనే నడిపి, ఒప్పందం ప్రకారం అక్కడ నాకు అప్పగించారు. తెనాలి మధ్యలోంచి కాలవలు పోతాయి. వాటి పక్కన నిమ్మకాయల బస్తాలు, అరటి గెలలు, ఆటోలు, వీటన్నిటి మధ్యా మనుషులు. మా ఊళ్లో రోడ్డు పక్కన గొయ్యి ఉంటే అందులో దుమ్ముంటుంది. ఇక్కడ నీళ్లున్నాయి, అవి కదులుతున్నాయి.

సలహాలు మొదలయ్యాయి. మొదటివాడు ఆటో డ్రైవరు. "అమ్మా, సెకండ్ గేర్లోకి రండమ్మా, ఇంజను ఏడుస్తంది!" తర్వాత పూలబండి దగ్గరి ఆవిడ కారు పక్కనే నడుస్తూ, అవును, నడుస్తూనే, "అంత బిగించి పట్టుకోమాకమ్మా, చేతులు గుంజుతాయి" అంది. రైలు గేటు దగ్గర ఆగితే స్కూటరు మీది పెద్దాయన అద్దం మీద తట్టాడు.

"హ్యాండ్ బ్రేకు వేసుకున్నారాండి?"

"వేశానండి."

"మంచిదండి. గేటు తీశాక మటుకు కంగారుపడమాకండి."

అప్పటిదాకా నాకు కంగారు లేదు. గేటు తీశారు, ఇంజను ఆగిపోయింది, వెనక ఊరంతా హారను కొట్టింది. పక్కన మా ఆయన పట్టాని తొక్కుతున్నారు. ఆగిపోయిన బండికి బ్రేకు దేనికో నాకు తెలియలేదు.

టిఫిన్‌కి ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. రెండిడ్లీ నలభై రూపాయలు. కారప్పొడి చల్లి, మీద నెయ్యి పోసి, పక్కన అల్లం పచ్చడి వేసి ఇచ్చారు. మా ఉగ్గాని బజ్జీ మీద నాకెంత పక్షపాతం ఉన్నా, ఆ ఇడ్లీకి వంక పెట్టలేను. గల్లాపెట్టె దగ్గరి ఆయన కిటికీలోంచి మా కారు చూసి అడిగాడు.

"ఏ ఊరండి మనది?"

"అనంతపురం."

"అనంతపురం నుంచి ఎల్ బోర్డుతోనే వచ్చేశారా!"

హోటల్లో అందరూ తిరిగి చూశారు. ఒకాయన చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చి క్లచ్ సగం ఎలా వదలాలో చేత్తో చూపించాడు. ఆ చేతినిండా సాంబారు. మా వైపు మనుషులు అడిగితే తప్ప చెప్పరు, అడిగినా ఒకసారి ఆలోచించి చెబుతారు. ఇక్కడ అడక్కముందే చెప్పి, విన్నావో లేదో పరీక్ష కూడా పెడతారు. ఆ సాయంత్రం లాడ్జిలో కూర్చుని డైరీలో ఒకటే వాక్యం రాసుకున్నాను. "ఈ జనంతో పని చెయ్యడం నావల్ల కాదు." రాశాక ఆ ఆఫీసరు ముఖం, ఆ ఎనిమిదేళ్ల జూనియరు ముఖం గుర్తొచ్చి నామీద నాకే కోపం వచ్చింది.

బాపట్ల

తెనాలి నుంచి బాపట్లకు ఎంత దూరమో నేను చెప్పను, ఎందుకంటే మాకు పట్టిన సమయం చెబితే మీరు నమ్మరు. దారి పొడవునా మా ఆయన కథలు చెప్పారు. ఆయన బస్సు డిపోలో ఇరవై ఆరేళ్లు మెకానిక్కు. "ఇట్లాంటి మలుపు తాననే ఒక బండి మూతి పగలగొట్టుకోనొచ్చింది." "ఇట్లాంటి వంతెన తాననే ఇంకొకటి యాక్సిలు ఇరగ్గొట్టుకోనొచ్చింది." ఏ మలుపు వచ్చినా ఆయన దగ్గర దానికి తగిన బస్సు ఉంది.

"క్షేమంగా తిరిగొచ్చిన బస్సులు లేవా మీ డిపోలో?" అని అరిచాను.

"ఉంటాయి. అవి నా కాడికి ఎందుకొస్తాయి?" అన్నారు, ఎంతో మామూలుగా.

ఆ మాట నాకు అప్పుడు చిరాకు తెప్పించిందే తప్ప అర్థం కాలేదు. ఇరవై ఆరేళ్లు ఆయన చూసినవన్నీ విరిగాక వచ్చిన బండ్లే.

సూర్యలంక సముద్రం దగ్గర గంట కూర్చున్నాం. మధ్యాహ్నం రొయ్యల వేపుడుతో భోజనం, మనిషికి రెండొందల ఇరవై. మా ఆయన అలవాటుగా సంగటి అడిగారు. వడ్డించే ఆయన పగలబడి నవ్వాడు. "సంగటా? అది మీ ఊరెళ్లి తిందురుగాని బాబాయ్, ముందు రొయ్యలు తినండి" అని అడక్కుండానే ఇంకో గరిటె వేశాడు. అడిగింది లేదు, అడగంది వచ్చింది. ఈ ప్రాంతం పద్ధతి నాకప్పటికి బాగా అర్థమైంది.

ఉప్పుగాలికి బండి తుప్పు పడుతుందని, వెంటనే కడిగించాలని మా ఆయన పట్టుబట్టారు. ఊళ్లో ఒక వాటర్ సర్వీసింగ్ షెడ్డు ముందు కారు ఆపించి, "వాడు ర్యాంపు మీదికి ఎక్కిస్తాడులే, నువ్వు ముట్టుకోవద్దు" అని టీకి వెళ్లిపోయారు.

ర్యాంపు అంటే నడుమెత్తు సిమెంటు గట్లు రెండు, ఒక్కొక్కటి టైరు పట్టేంత వెడల్పు. ఒక్క జానెడు తప్పితే బండి కిందుంటుంది. షెడ్డాయనకు యాభై ఏళ్లుంటాయి. వీపు ఇటు పెట్టి పైపు లాక్కుంటూ, "ఎక్కించండి, ఎక్కించండి" అన్నాడు. మావారొస్తారని చెప్పాను. నీళ్ల మోటారు చప్పుడులో అది ఆయనకు వినబడలేదు. వెనక ఒక ఆటో వచ్చి హారను మొదలుపెట్టింది. ఆయన తిరిగి చూడలేదు. నేను ఎక్కించేశాను.

"ఆ, చాలు" అన్నాడాయన.

అంతే. తెనాలిలో గేరు మార్చితే ఊరంతా మాట్లాడింది. ఇక్కడ ఇంత సాహసం చేస్తే ఒక్కడూ మెచ్చుకోలేదు. నాకు ఒళ్లు మండింది. కడగడానికి మూడొందల యాభై అయింది, ఆయన నంబరుకు ఫోన్లోనే పంపాను. మా ఆయన తిరిగి వచ్చేసరికి కారు కిందికి దింపి ఉంది. ఎవరు ఎక్కించారో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆలస్యమైందని అలాగే ఎక్కి బయల్దేరాం.

నగరం

నగరం అనేది ఊరి పేరు, రేపల్లెకు ముందొస్తుంది. బాపట్ల నుంచి అక్కడిదాకా ఆ రోజు నేను నడిపినంత బాగా ఎప్పుడూ నడపలేదు. రొయ్యల పుణ్యమా అని మా ఆయన కునుకు తీశారు, కాలు కూడా నిద్రపోయింది. ఎవరూ సలహా చెప్పలేదు. ఇరుకు వంతెన దగ్గర లారీవాడు తనే ఆగి చెయ్యి ఊపాడు. గేదెల్ని తోలుకుపోయే ఒక తాత నన్నే ఆపి, "అవతల రోడ్డు ఖాళీగానే ఉందా అమ్మా?" అని అడిగాడు. నన్ను! ఖాళీగానే ఉందని పెద్దరికంగా చెప్పాను. ఎల్ బోర్డు చూసి ఎంత మర్యాదగా దారిస్తున్నారు, నిన్న వీళ్లను అనవసరంగా తిట్టుకున్నాను అనుకున్నాను. బండి యాభైలో పోతోంది, ఒక చేత్తో నీళ్ల సీసా కూడా అందుకున్నాను.

నగరంలో టీకి ఆగాం. ప్లేటు పునుగులు ముప్పై రూపాయలు. రెండో పునుగు నోట్లో ఉండగా మా ఆయన కారు వైపు చూసి కొయ్యబారిపోయారు.

"ఎల్ యాడ?"

వెనక లేదు. ముందుకు పరిగెత్తాం. ముందూ లేదు. రెండు చోట్లా శుభ్రంగా మెరుస్తోంది. డబ్బులు పంపిన నంబరుకే ఫోన్ చేశాను.

"ఓ, ఆ స్టిక్కర్లాండి?" అన్నాడు షెడ్డాయన. "పాతబడి అంచులు లేచిపోయినై, గీకేశానండి. సెకండ్ హ్యాండ్ బండేమో, పాత ఓనరు వేయించుకున్నాడేమో అనుకున్నా. ర్యాంపు మీరే ఎక్కించారు కదండి. నేర్చుకునేవాళ్లు ఎక్కిస్తారేంటండి?"

మా ఆయన నా వైపు తిరిగారు. "ర్యాంపు నువ్వెక్కిచ్చినావా?" ఆ గొంతులో మెప్పు లేదు. డిపోకి ఇంకో బండి వచ్చినట్టు ఉంది.

ఇక్కడ నా సంగతి నిజంగా చెప్పాలి. బోర్డు లేకుండానే బాపట్ల నుంచి అంత దూరం వచ్చానని తెలిసిన మనిషి ఏం చెయ్యాలి? సంతోషించాలి. నేను మాత్రం స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. నగరం నుంచి రేపల్లెకు పది, పన్నెండు కిలోమీటర్లుంటుందేమో. మూడుసార్లు ఇంజను ఆపేశాను. ఎదురుగా వచ్చే ప్రతి బండీ నా మీదికే వస్తున్నట్టుంది. అదే కారు, అవే చేతులు. లేనిదల్లా మూడొందల యాభై రూపాయలకు కడుక్కుపోయిన రెండు కాగితం ముక్కలు. రెండేళ్లుగా ఆ బోర్డు ఆయన కోసమే ఉందనుకుని ఆయన మీద విసుక్కున్నాను. దాని వెనక దాక్కున్నది నేను కూడానని ఆ దారిలో తెలిసింది. తెలిసినందుకు ఇంకా విసుగేసింది.

రేపల్లె

రేపల్లెలో మా ఆయన ముందు గది వెతకలేదు, స్టిక్కర్ల షాపు వెతికారు. బజారులో ఒక బస్సుకీ జీపుకీ మధ్య ఉన్న సందులో కారు పెట్టించి లోపలికి నడిచారు. రెండు ఎల్‌లు, అరవై రూపాయలు.

"ఎవరికండి, పిల్లలు నేర్చుకుంటన్నారా?" అన్నాడు షాపాయన.

మా ఆయన నా వైపు చూపించారు.

"మేడంగారికా? ఆ జీపు పక్కన బండి పెట్టింది ఆవిడే కదండి?"

మా ఆయన డబ్బులిచ్చారు. అప్పటికి బండి మీద దుమ్ము పడింది, తుడిచి అంటించాలి. మర్నాడు పొద్దున్నే చూస్తే మంచుకు బండంతా తడి. "ఆరినాక అంటిస్తా" అని రెండింటినీ తన ముందున్న డాష్‌బోర్డు పెట్టెలో పెట్టారు. నాకు వద్దనే ధైర్యం లేదు, పెట్టించుకునే మనసూ లేదు. తాళం తీసుకున్నాను. ఇక అసలు పరీక్ష మిగిలింది. ఈ ఉద్యోగమంతా కాలవ కట్టల మీదే కదా, అదొక్కటి నడిపి చూస్తే తేలిపోతుంది.

కాలవ కట్ట

ఊరు దాటాక ఒక కట్ట మీదికి తిరిగాను. కుడివైపు నిండుగా కాలవ, ఎడమవైపు పల్లంలో చేలు, మధ్యలో ఒక బండి పట్టేంత దారి. కోతలైపోయి గడ్డి తోలుకునే రోజులు. కొంచెం దూరం పోగానే ఒక పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది. భుజాన సంచీ, చేతిలో క్యారేజీ.

"అమ్మాయ్, మా చేనుదాకా దింపుదూ. కాళ్లు నొప్పెడతన్నయ్."

పేరు నాగేంద్రమ్మట. వెనక సీట్లో సర్దుకుని, సంచీలోంచి తేగలు తీసి, తొక్క ఒలుస్తూ కూర్చుంది. ఇంటి దగ్గరి పెట్టకోడి కథ మొదలుపెట్టింది. మా ఆయన కాలు మాత్రం పట్టాని వదల్లేదు.

సగం దూరం పోయేసరికి ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. గడ్డి రెండువైపులా వేలాడుతూ దారంతా ఆక్రమించింది. దాని డ్రైవరు ఆగి, తల బయట పెట్టి, పెళ్లికి పిలిచినంత మామూలుగా చెప్పాడు.

"వెనక్కి తీసుకోండమ్మా, ఆ తూము కాడ వెడల్పుంది."

మా వైపు ఇలాంటప్పుడు ఇద్దరూ దిగి అరగంట వాదించుకుంటారు. ఇక్కడ వాదన లేదు. లోడున్న బండి కదలదు, ఖాళీ బండి వెనక్కి పోతుంది, అంతే. తూము కనీసం ఫర్లాంగు వెనక ఉంది. నేను దిగిపోయి, తాళం మా ఆయన చేతిలో పెట్టి, సోమవారం ఆఫీసరుకు "రాలేనండి" అని చెప్పడం కళ్ల ముందు కనబడింది.

"నువ్వుండు, నేను దిగి చూపిస్తా" అని మా ఆయన దూకేసి బండి వెనక్కి పరిగెత్తారు. అద్దంలో ఆయన తప్ప ఇంకేమీ కనబడటం లేదు. రెండు చేతులూ రెండు దిక్కులకు ఊపుతూ, "కుడి! కుడి కాదు! మెల్లగ! ఆపు! రా రా రా!" అని అరుస్తున్నారు.

నాగేంద్రమ్మ వెనక్కి తిరిగి చూసింది. "ఆయనేంటి అట్టా చేతులూపుతన్నాడు? ఎవర్నన్నా పిలుస్తన్నాడా?"

"నాకు దారి చూపిస్తున్నారు పిన్నీ."

"దారేముంది ఇందులో? వెనక్కి పోటమేగా. అందరూ పోయేవోళ్లే." ఒలిచిన తేగ ముక్క ముందుకు చాచింది. "తిను. ఆ కోడేం చేసిందనుకున్నావ్..."

తేగ నోట్లో పెట్టుకున్నాను. కిటికీ అద్దం పైకి ఎక్కించేశాను. మా ఆయన గొంతు సగమైపోయింది, కోడి కథ మిగిలింది. నాగేంద్రమ్మకు నేను నడపగలనన్న నమ్మకం కూడా లేదు, నడపలేనేమోనన్న ఆలోచనే లేదు. బండి ఎక్కింది, బండి పోతుంది, ఆమెకు అంతవరకే. రివర్స్ గేరు వేసి, ఎడమ అద్దంలో గట్టు అంచు చూసుకుంటూ వెనక్కి నడిపాను. కోడి పొరుగింట్లో గుడ్లు పెట్టిందట. ఆ గొడవ పంచాయితీ దాకా పోయిందట. తూము వచ్చేసింది.

అప్పుడే బయట దబ్బున చప్పుడైంది. బండికి దారిస్తూ వెనక్కి వెనక్కి నడిచిన మా ఆయన, కుడి చెయ్యి ఊపుతూనే, కట్ట జారి కాలవ బురదలో మోకాలిదాకా దిగబడ్డారు. మూడు రోజుల ప్రయాణంలో కాలవలో పడింది ఆయనొక్కరే. ట్రాక్టరాయన దిగి చెయ్యందించి పైకి లాగాడు. కుడికాలి చెప్పు రాలేదు.

"థాంక్సండి మేడం" అని నాకు చెప్పి ట్రాక్టరు పోనిచ్చాడు. రివర్స్ గురించి ఒక్క ముక్క లేదు, మెచ్చుకోలు లేదు, సలహా లేదు. ఒక్క మాటంటే ఏం పోయేదో! తెనాలిలో ఈ మనుషుల్నే నేను నోరు కట్టుకోలేనివాళ్లని తిట్టుకున్నాను. వాళ్లు మాట్లాడింది నా బంపరు మీది బోర్డుతో, నాతో కాదు. డైరీ తీసి మొన్న రాసిన వాక్యం కొట్టేశాను. నాగేంద్రమ్మ దిగేటప్పుడు మాత్రం మా ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "బాబూ, ఇంకెప్పుడూ బండి దిగమాక" అంది.

వేమూరు మీదుగా

తిరుగుదారిలో వేమూరు దగ్గర టీ తాగేటప్పుడు మా ఆయన అన్నారు.

"నువ్వు నడిపేది సరిగ్గ లేదని కాదే. నీ పక్కన కూచుంటే నాకు నువ్వు కనపడవు. డిపోకి వచ్చిన బండ్లు కనపడతాయి. వాటిల్లో నిన్ను కూచోపెట్టుకుంటా. నాకు భయమవుతాది."

ముప్పై ఏళ్ల కాపురంలో భయమన్న మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. అక్కడినుంచే ఆఫీసరుకు ఫోన్ చేసి, "వస్తున్నానండి" అన్నాను. "కారు నడుపుకుంటావా మరి?" అన్నారాయన. "కాలవ కట్ట మీంచే వస్తున్నాను సార్" అన్నాను.

కారెక్కాక పెట్టె తెరిచి ఒక ఎల్ స్టిక్కరు తీశాను. వెనక కాగితం ఊడదీసి, డాష్‌బోర్డు మీద ఆయన సీటుకు ఎదురుగా అంటించాను. దాన్ని ఆయన కాసేపు చూశారు.

"ఎన్నాళ్లుండాల ఇది?"

"ఒక నెల ఉండనీండి."

తెనాలి రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడుతోంది. ఒక స్కూటరు సరిగ్గా నా ముందుకు దూరింది. బ్రేకు తొక్కి పక్కకు చూశాను. చెప్పు లేని ఆ కాలు, ఎండిన బురదతో, పట్టా మీద చిల్లు పక్కనే కదలకుండా ఉంది. ఈసారి బ్రేకు నేనొక్కదాన్నే తొక్కాను.